దాసుకు తీరినప్పుడు

పెత్రమాస లోపల కావలసిన పనులు:

1. టీపాయి మీద తెల్ల మచ్చ పోవాలె. వేడి గిన్నె ఎవరు పెట్టిన్రో నేను అడగ.

2. బీరువ తలుపు కిందికి జారింది. మరలు బిగించాలె.

3. మంచం కోడుకు పురుగు పట్టింది, పొడి రాలుతున్నది. మందు పొయ్యాలె.

4. ఎండకు సోఫా రంగు పోతున్నది. పరద కట్టాలె.

5. డైనింగ్ టేబుల్‌ను ఈడ్వొద్దు, ఎత్తి జరపాలె. కాళ్లకు రబ్బరు బిళ్లలు.

దాసుకు తీరినప్పుడు కుర్చీ కాలు.

ఒక పాత క్యాలెండర్ కాగితం వెనక రాసిన ఈ జాబితా, పెద్దల అమావాస్య అయిన పెత్రమాస దగ్గర పడుతుండగా, ఫ్రిజ్ తలుపుకి అతికించి ఉంది. మొదటి ఐదూ దేవదాస్ భార్య అరుణాదేవి చేతిరాత. అక్షరాలు అప్పడాల్లా గుండ్రంగా, వరసగా ఉన్నాయి. ఆఖరి పంక్తికి మాత్రం అంకె లేదు. అందులో అక్షరాలు గాలికి ఒరిగిన జొన్నచేనులా కుడివైపుకి వాలాయి. చేవెళ్ల మొత్తంలో అలా రాసే మనిషి ఒక్కతే. దేవదాస్‌ను దాసు అని పిలిచిన తల్లి విమలమ్మ. ఆమె పోయి పదిహేను నెలలైంది.

చల్లటి నీళ్ల కోసం వచ్చిన దేవదాస్ అది చదివి, నీళ్లు తాగకుండానే చల్లబడ్డాడు.

"అరుణా, ఇది నువ్వే రాసినవా?"

"లేకుంటే పక్కింటోళ్లు వచ్చి రాస్తరా?" అంది అరుణాదేవి వంటింట్లోంచి, వెనక్కి తిరిగి చూడకుండానే.

అత్తగారి చేతిరాత దించి మరీ బెదిరిస్తోందన్నమాట, అనుకున్నాడు అతను. భార్య మీద కోపం వచ్చింది. 

దేవదాస్‌ది బజారులో కిరాణా దుకాణం. సరుకు లేకపోతే "రేపు", తూకం రాయి అరిగిందంటే "రేపు". ఊళ్లో అతనికి 'రేపటి సేటు' అని పేరు. ఆ పేరు మార్చుకోవాలని అతనికీ ఉంది. రేపటి నుంచి మొదలుపెడదామనుకుంటున్నాడు.

విమలమ్మ కుర్చీ పడమటి కిటికీ పక్కన ఉంటుంది. టేకు కుర్చీ. వెనక ఎడమ కాలు వదులు. చేయి ఆనించే చోట ఆమె అరచేయి రాసి రాసి నల్లగా నిగనిగలాడే మచ్చ పడింది. అల్లిన సీటు ఆమె కూర్చున్న మేరకు ఇంకా గుంటగానే ఉంది. రోజూ సాయంత్రం దుకాణం నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "అమ్మా, వచ్చిన" అనేస్తాడు దేవదాస్. అన్నాక గానీ కుర్చీ ఖాళీ అని గుర్తుకు రాదు.

అందుకే ఆ కుర్చీ ఇంట్లోంచి పోవాలి. ఈ కారణం భార్యతో చెప్పడానికి నోరు రాదు కాబట్టి, మొయినాబాద్ దగ్గర ఎవరో ఫాంహౌస్ ఖాళీ చేస్తూ వెనక్కి వాలే సోఫా ఇచ్చేస్తున్నారని, దానికి జాగా కావాలని చెప్పాడు.

"పెత్రమాసకు అత్తమ్మ పేరు మీద అయ్యగారికి బియ్యం ఇచ్చేటప్పుడు, ఆమె ఫోటో ఆ కుర్చీలనే పెడ్త. కాలు బాగుచేయించుండ్రి" అంది అరుణాదేవి.

ముందు ముడిమ్యాల నుంచి వడ్రంగి చెన్నయ్యను పిలిపించి, "ఇది ఇంక పనికిరాదని ఒక్క మాట చెప్పు, అన్నా" అని చెవిలో వేడుకున్నాడు దేవదాస్.

చెన్నయ్య కుర్చీని వేలితో తట్టి చూశాడు. "టేకు, సేటూ. అబద్ధం చెప్తే నా చేతులు పడిపోతయ్. కాలు ఊడదీసి, పాత జిగురంత గీకి, కొత్తది పెట్టి తాడుతోటి బిగించు. ఒక దినం ముట్టకు. గంతే. గిది నువ్వే చేసుకోవచ్చు."

నువ్వే చేసుకోవచ్చు అన్న మాట కంటే పెద్ద శాపం దేవదాస్ జన్మలో వినలేదు.

ఇక మిగిలింది దయ్యం. కుర్చీలో అత్తగారి దయ్యం ఉందని భయపడితే, దాన్ని తీసేయమని అరుణాదేవే అంటుంది. బజారులో అందరూ ప్లాస్టిక్ కవర్లకు మారినా, దేవదాస్ మాత్రం ఇంకా పొట్లాలు దారంతో కడతాడు. మూడు చుట్లు, ఒక మెలిక, కింద నుంచి ఒక లాగు. తల్లి నేర్పిన ముడి. ఆ దారానికే మసి పూసి, కుర్చీ వదులు కాలికి కట్టి, కిటికీలోంచి పెరట్లోకి వదిలాడు. తను బట్టలుతికే బండ వెనక నక్కాడు.

మబ్బు పట్టిన సాయంత్రం. కరెంటు లేదు. అరుణాదేవి దీపం వెలిగించి గదిలోకి వచ్చింది. దేవదాస్ దారం లాగాడు.

టక్.

కుర్చీ కొద్దిగా ఒరిగి నిలబడింది. దీపం వెలుగులో దాని నీడ గోడ మీద లేచి కూర్చుంది. కేక కోసం దేవదాస్ చెవులు నిక్కబొడిచాడు.

"అత్తమ్మా, చాయ్ తాగుతవా?" అంది అరుణాదేవి.

దేవదాస్ బండ మీదుగా తొంగి చూశాడు. అరుణాదేవి నిజంగానే చాయ్ తెచ్చింది. కప్పు కింద గుడ్డ మడత వేసి, కుర్చీ చేతి మీద జాగ్రత్తగా పెట్టింది. మచ్చ పడకుండా.

మర్నాడు పొద్దున్నే భర్తను లేపింది. "ఏమండి, నిన్న అత్తమ్మ వచ్చింది. టీపాయి మచ్చ చూసి శానా బాధపడ్డది. మచ్చ మీద మెత్తటి గుడ్డ ఏసి, గోరువెచ్చటి ఇస్త్రీపెట్టె జర జరంత తాకించుమన్నది. నా కొడుకే చెయ్యాలె అన్నది."

"ఒక్క టక్కుకు అంత కథ చెప్పిందా?"

"టక్కా? నేను టక్కు అని చెప్పలేదే! మీకెట్ల ఎరుక?"

దేవదాస్ ఇస్త్రీపెట్టె వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

అదేం దయ్యమో గానీ, భయపెట్టిన కొద్దీ దానికి పనులు గుర్తుకొచ్చాయి. రెండో రోజు టక్‌మంటే మంచం కోడు రంధ్రాల్లో సూదితో మందు పోయించింది. మూడో రోజు పరదా కట్టించింది. నాలుగో రోజు టేబుల్ ఎత్తించి రబ్బరు బిళ్లలు వేయించింది. దేవదాస్ నడుము పట్టేసింది. బతికున్నప్పుడు విమలమ్మ కొడుకుతో ఇన్ని పనులు ఒక ఏడాదిలో కూడా చేయించుకోలేదు. బీరువా దగ్గర మాత్రం అతను తెలివి చూపించాడు. మరలు బిగించకుండా తలుపు కింద అట్టముక్క మడిచి దోపి, అయిపోయిందన్నాడు.

ఐదో రోజు, అంటే పెత్రమాసకు రెండు రోజుల ముందు, అతనికి విసుగొచ్చింది. ఈ దయ్యాన్ని ఇంక పోషించలేననుకుని, దారం విప్పేద్దామని గదిలోకి వచ్చాడు. మళ్లీ కరెంటు పోయింది. వంటింట్లో అరుణాదేవి మసాలా నూరుతున్న చప్పుడు వినిపిస్తోంది. దారం రెండో కొస దేవదాస్ చేతిలోనే ఉంది, వదులుగా.

టక్.

దేవదాస్ కదల్లేదు. ఎక్కడి నుంచో లవంగం వాసన వచ్చింది. విమలమ్మ ఎప్పుడూ బుగ్గన పెట్టుకునే లవంగం.

టక్. టక్.

"అరుణా!" అని అరిచాననుకున్నాడు. బయటికి గాలి మాత్రమే వచ్చింది. కుర్చీ ముందు నేల మీద కూర్చుండిపోయాడు. "నేను కాదు, అమ్మా. దారం నేనే కట్టిన, కానీ ఇప్పుడు నేను గుంజలేదు. నీ కుర్చీ తీసేద్దామనుకున్న. ఒక్క కాలు బాగుచెయ్యిరా అని నువ్వు అడిగినప్పుడల్ల రేపు అన్న. ఖాళీగ కనిపిస్తే నాకు..."

వెనక దీపం వెలుగు పడింది. అరుణాదేవి ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడి ఉందో తెలియదు.

"పెద్ద లారీ పోతే ఇల్లంత అదురుతది. వదులు కాలు గద, కొట్టుకుంటది. అత్తమ్మ ఉన్నప్పటి నుంచీ అంతే" అంది మెల్లగా. "లవంగాలు నేనే నూరుతున్న."

ఆ పూట లారీ పోయిందో లేదో దేవదాస్‌కు ఇప్పటికీ గుర్తు రాదు.

"అయితే నా దారం సంగతి నీకు..."

"మొదటి దినమే తెల్సు. చక్కెర పొట్లానికి కట్టే ముడే దయ్యానికీ కడ్తె ఎట్లనండి? ఊరంత గుర్తువడ్తది."

ఇద్దరూ కలిసి కుర్చీని బోర్లా తిప్పారు. అరుణాదేవి దీపం దగ్గరికి తెచ్చింది. వదులు కాలికి దేవదాస్ మసి దారం కట్టి ఉంది. దాని పైన, కాలూ సీటూ కలిసే చోట, ఇంకో దారం. బూడిద రంగుకి తిరిగిన పాత పొట్లం దారం. వదులైనప్పుడల్లా మళ్లీ కట్టినట్టు, ఒకదాని మీద ఒకటి తొమ్మిది ముడులు. మూడు చుట్లు, ఒక మెలిక, కింద నుంచి ఒక లాగు.

"ఇవి నువ్వు కట్టినవా?" అన్నాడు దేవదాస్.

"నాకా ముడి రాదు."

దేవదాస్ ఆ ముడులను ఒక్కొక్కటే వేలితో తడిమాడు. తర్వాత అరుణాదేవి అంది: "మీరు మీ అమ్మ రాత రాసి నన్ను బెదిరిచ్చిన్రు చూడుండ్రి, గది మాత్రం నాకు నచ్చలే."

"నేను రాసిన్నా? నువ్వు గద రాసింది!"

ఇద్దరూ ఫ్రిజ్ దగ్గరికి నడిచారు. దేవదాస్ కాగితం తీసి తిప్పి చూశాడు. అటువైపు నిరుటి మే నెల. విమలమ్మ పోవడానికి ముందు నెల. ఆమె కాగితం అడుగున ఒక్క పంక్తి రాసిపెట్టుకుంది. పాత కాగితాలు దాచే అలవాటున్న అరుణాదేవి, మసక వెలుగు వంటింట్లో అడుగున ఏముందో చూడకుండా, పైనున్న ఖాళీలో తన ఐదూ రాసింది.

దాసుకు తీరినప్పుడు.

ఆ సాయంత్రమే దాసుకు తీరింది. తొమ్మిది ముడులూ ఒక్కొక్కటే విప్పాడు, కత్తెర పెట్టలేదు. పాత జిగురు గీకాడు, కొత్తది పూశాడు, తాడుతో బిగించాడు. ఒక రోజంతా కుర్చీని ముట్టకుండా, దాని ఎదుట నేల మీద కూర్చున్నాడు.

పెత్రమాస నాడు అయ్యగారు బియ్యం, పప్పు, కూరగాయలు తీసుకుని, విమలమ్మ పేరు చెప్పి దీవించి వెళ్లారు. ఫోటో కుర్చీలో ఉంది. సాయంత్రం పెద్ద లారీ ఒకటి పోయింది. అలమరలో గ్లాసులు గలగలమన్నాయి. కుర్చీ కాలు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

ఆ నిశ్శబ్దంలో దేవదాస్ కళ్లు తుడుచుకున్నాడు. "అయిపోయిందమ్మా. అన్ని పనులూ అయిపోయినయ్."

వెనక బీరువా తలుపు కిర్రుమంటూ దానంతటదే తెరుచుకుంది. మడిచి దోపిన అట్టముక్క వచ్చి అతని కాళ్ల దగ్గర పడింది.

అరుణాదేవి అట్టముక్క వైపు చూసింది, ఫోటో వైపు చూసింది, భర్త వైపు చూసింది. "రెండో పని అంటున్నదండి."

"రే..." అని ఆగిపోయి, దేవదాస్ మరలు తిప్పే సామాను కోసం లేచాడు.

మీ ఇంట్లోనూ ఏ కుర్చీ కాలో వదులై ఉంటుంది. అది టక్‌మన్నప్పుడు, కొడుక్కి తీరేదాకా తొమ్మిది ముడులు వేసుకుని కూర్చున్న విమలమ్మను ఒక్కసారి యాది చేసుకోండి.