మెలకువగా చేసిన నిద్ర పరీక్ష

సోమవారం ఉదయం పరుపుల కంపెనీ నోటీసు బోర్డు మీద ఒక సర్క్యులర్ వెలిసింది. "నిద్ర మన వ్యాపారం. అది మన అలవాటు కారాదు" అన్నది దాని మొదటి వాక్యం. ఇకమీదట ఆవరణలో ఆవలించడాన్ని సంస్థ ఆస్తికి నష్టం కలిగించడంగా పరిగణిస్తామని రెండో వాక్యం. మూడో వాక్యం దాకా వెళ్లేలోపే చదువుతున్నవాళ్లలో ఇద్దరు ఆవలించారు. వాళ్ల పేర్లు రాసుకున్నారు.

కారణం లేకపోలేదు. కిందటి వారం ఒక టోకు వ్యాపారి మధ్యాహ్నం మూడింటికి ఫ్యాక్టరీ చూడడానికి వచ్చాడు. కుట్టు విభాగంలో ముప్ఫైమంది ఆడవాళ్లు ఒకరి తరవాత ఒకరు ఆవలిస్తుంటే చూసి తానూ ఒకటి తీశాడు. ఆ తరవాత ఆపుకోలేకపోయాడు. "మళ్లీ వస్తానండీ" అని కళ్లు తుడుచుకుంటూ వెళ్లినవాడు ఇక ఆ గడప తొక్కలేదు. పనివేళలు రెండు గంటలు పెంచి, భోజన విరామాన్ని సగానికి కోసి అప్పటికి నెలన్నర అయింది. దీనికీ ఆ ఆవలింతలకూ ఏదైనా సంబంధం ఉందేమోనని యాజమాన్యంలో ఎవరికీ తట్టలేదు. పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు చిన్న విషయాలు తట్టవు. తట్టేవాళ్లకు పెద్ద కుర్చీలు ఇవ్వరు.

కాబట్టి "చురుకుదనం ఎంపిక సంఘం" ఏర్పడింది. బజారులో దొరికే ఎనర్జీ డ్రింకులూ, కెఫీన్ కలిపిన చిరుతిళ్లూ తెప్పించి, రుచి చూసి, ఒకదానితో ఒకటి పోల్చి, సిబ్బందికి ఏది పట్టించాలో తేల్చడం దాని బాధ్యత. ఎండీగారు అధ్యక్షులు. సిబ్బంది వ్యవహారాల అధికారి కార్యదర్శి. బయటనుంచి పిలిపించిన ఉత్సాహ సలహాదారు ఒకాయన, కుట్టు విభాగానికి పెద్దదిక్కయిన అక్క, చివరిగా కునుకు మాస్టారు సభ్యులు.

ఈ మాస్టారి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఆయన ఆ కంపెనీలో పంతొమ్మిదేళ్లుగా నిద్ర పరీక్షకుడు. ఏ కొత్త పరుపు తయారైనా దాని మీద మొదట నడుం వాల్చేది ఆయనే. పడుకున్న నాలుగు నిమిషాల్లో నిద్రపోవాలి. ముప్పావుగంటకు లేచి నివేదిక రాయాలి. "ఎడమ భుజానికి అన్యాయం జరిగింది" అని ఒకసారి, "పీచు సరిగా ఎండలేదు, కలలో వాన పడింది" అని ఒకసారి రాసేవారు. ఆయన సంతకం పడితేగాని పరుపు గేటు దాటేది కాదు. పడుకుని తింటున్నాడని లోకం వెక్కిరించేది. లోకానికేం, కూర్చుని వెక్కిరిస్తుంది. గాయకుడు గొంతును కాపాడుకున్నట్టు మాస్టారు తన నిద్రను కాపాడుకుంటూ వచ్చారు. కాఫీ ముట్టరు, టీ ముట్టరు, సాయంత్రం పూట వార్తలు వినరు.

"ఈ సంఘంలో నేనెందుకండీ? నా పనికి ఇవి అస్సలు పడవు" అని ఆయన ఎండీగారి దగ్గర మొరపెట్టుకున్నారు.

"భలేవారే మాస్టారూ! శత్రువు గుట్టు తెలిసినవాడు మన పక్షాన ఉండాలి కదా. నిద్ర లోతుపాతులు మీకంటే ఎవరికి తెలుసు?" అన్నారు ఎండీగారు. ఈ పొగడ్తకు మాస్టారు పడిపోయారు. ఆయన పడడంలో నేర్పరి అని ముందే చెప్పుకున్నాం.

సమావేశాల గదిలో పొడుగు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి తొమ్మిది డబ్బాలు వరసగా నిలబెట్టారు. పక్కన పళ్లాల్లో బిస్కట్లు, చూయింగ్ గమ్, చాక్లెట్ ముక్కలు, కాఫీ పొడి అద్దిన వేరుసెనగ పప్పులు. ప్రతి సభ్యుడి ముందూ ఒక ఫారం. రంగుకు ఇన్ని మార్కులు, వాసనకు ఇన్ని, నాలుక మీద నడవడికకు ఇన్ని, గుండెపై సానుకూల ప్రభావానికి ఇన్ని. సలహాదారు లేచి, మనిషి తన జీవితంలో మూడో వంతు మంచం మీద పారేసుకుంటున్నాడని, ప్రకృతి చేసిన ఈ పొరపాటును సరిదిద్దే అదృష్టం ఈ గదిలోని అయిదుగురికి దక్కిందని ఉపన్యసించాడు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన ఎడమ కనురెప్ప టపటపా కొట్టుకుంది. అది జబ్బు కాదనీ, చురుకుదనం పొంగి పొర్లడమనీ ఆయనే వివరించాడు.

మాస్టారు ఏ పని చేసినా నిజాయితీగా చేసే మనిషి. మొదటి డబ్బా తాగి "దగ్గు మందులా ఉంది, దగ్గు తగ్గుతుందన్న హామీ లేదు" అని రాశారు. రెండోది తుప్పుపట్టిన స్ప్రింగు నాకినట్టుందన్నారు. మూడోది నీలంగా మెరుస్తోంది. ఈ రంగు పండు లోకంలో ఎక్కడుందని ఆయన అడిగితే, అది పండు రుచి కాదనీ మెరుపు రుచి అనీ సలహాదారు డబ్బా మీది అక్షరాలు చూపించాడు. మెరుపును నాలుకతో చూసినవాడెవడూ తిరిగొచ్చి చెప్పలేదు కనక సంఘం ఆ మాటను ఖండించలేకపోయింది.

అక్క బిస్కట్టు కొరికి ఆగిపోయింది. "ఇది బిస్కట్టేనాండీ? పాత పరుపులోంచి పీచు లాగి కాల్చినట్టుంది" అంది.

"పీచు పదార్థం సమృద్ధి" అని కార్యదర్శి రాసుకున్నాడు.

అయిదో డబ్బా దగ్గర చిన్న సంఘటన జరిగింది. దాన్ని తాగిన అయిదు నిమిషాలకు కార్యదర్శి, అంటే సిబ్బంది వ్యవహారాల అధికారి, దిగ్గున లేచి నిలబడ్డాడు. పదకొండేళ్లుగా తనకు అన్యాయం జరుగుతోందనీ, పనివేళలు పెంచిన కాగితం మీద సంతకం పెట్టడం తనకు అసలు ఇష్టం లేకపోయిందనీ గట్టిగా చెప్పాడు. ఏడ్చాడు. కూర్చున్నాడు. తన మాటలను కార్యక్రమ వివరాల్లో చేర్చవద్దని తనకు తానే ఆదేశం ఇచ్చుకున్నాడు.

ఎండీగారు ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. "రుచి బావుంది. కానీ ఇది సిబ్బందికి ప్రమాదం" అని పక్కన పెట్టేశారు. చివరికి ఏడో డబ్బా నెగ్గింది. అది కళ్లు తెరిపిస్తుంది గాని నోరు తెరిపించదని సంఘం ఏకగ్రీవంగా అభిప్రాయపడింది.

మర్నాటినుంచి పదకొండింటికి ఒకటి, మూడింటికి ఒకటి చొప్పున ప్రతివాళ్లకూ ఏడో డబ్బా అందింది. తోడుగా పీచు బిస్కట్టు. సంఘ సభ్యులకు ఇవికాక మిగతా ఎనిమిది డబ్బాలను కూడా మూడు వారాలపాటు తాగి చూసి సమగ్ర తులనాత్మక నివేదిక సమర్పించే గౌరవం దక్కింది.

ఫలితాలు వెంటనే కనిపించాయి. కుట్టు విభాగం వేగం రెట్టింపయింది. కుట్టు మాత్రం దారి తప్పిన చీమల బారులా పరుపు చుట్టూ తిరిగి ఎక్కడెక్కడికో పోయేది. సామాను ఎక్కించేవాళ్లు లారీ నింపి, ఇంకా ఊపు మిగిలి ఉండడంతో అంతా దింపి, మళ్లీ ఎక్కించారు. వాచ్‌మన్ గేటు దగ్గర ఆపి ఉన్న సైకిలుకు సలాము కొట్టాడు. ఎండీగారు మేడ మీద కిటికీలోంచి ఇదంతా చూసి, "చూశారా, ఒక్కడూ ఊరికే లేడు!" అని పొంగిపోయారు.

ఒక్క మాస్టారి పనే కుంటుపడింది. పరుపు మీద పడుకుంటే కళ్లు మూతపడేవి కావు. పైకప్పులో ఎన్ని రేకులున్నాయో, ఒక్కో రేకుకు ఎన్ని మేకులున్నాయో పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఆయనకు తెలిసింది. నాలుగు నిమిషాలు గంటయింది, గంట పూట అయింది. లేచి, "ఈ పరుపులో ఎవరో లోపలినుంచి తలుపు బాదుతున్నారు. తిరస్కరించడమైనది" అని రాశారు. తరవాతి పరుపులోనూ అదే చప్పుడు. ఆ పై దానిలోనూ అదే. వారంలో పద్నాలుగు పరుపులు తిరస్కరించారు. కంపెనీ చరిత్రలో అలాంటి వారం లేదు.

ఆయన భార్య ఆస్పత్రిలో నర్సు. ఆదివారం పొద్దున భర్త అన్నం ముందు కూర్చుని మోకాలు ఆడిస్తుంటే చూసి మణికట్టు పట్టుకుంది. గోడ గడియారం వైపు చూసింది.

"నూట పన్నెండు. ఇది మనిషి నాడేనా? మీ కుట్టు మిషనా?"

"పరుపుల్లో ఏదో చప్పుడే. నేను విన్నాను."

"చప్పుడు పరుపులో లేదండీ, మీ గుండెలో ఉంది. ఇంకా నయం, మిమ్మల్ని మీరే తిరస్కరించుకోలేదు."

మాస్టారు చేతిలో ముద్ద దించేశారు. పద్నాలుగు పరుపులకు తాను అన్యాయం చేశానన్న మాట ఆయనను గుండె వేగం కంటే ఎక్కువ బాధించింది. "రేపు వెళ్లి చెప్పేస్తాను. తప్పు వాటిది కాదు, నాది అని" అన్నారు.

"చెప్పడం సంగతి తరవాత. ఆ డబ్బాలు ముట్టనని ముందు నాకు చెప్పండి."

చెప్పారు. సోమవారం వెళ్లి ఎండీగారికీ ఉన్నదున్నట్టు చెప్పారు. పరుపులు మంచివేననీ, తనకు నిద్ర పోయిందనీ, డబ్బాలు మానేస్తే నాలుగు రోజుల్లో తిరిగొస్తుందనీ, అప్పుడు పద్నాలుగింటినీ మళ్లీ పరీక్షిస్తాననీ.

ఎండీగారు సానుభూతితో విన్నారు. "మీరు మానేస్తే రేపు కుట్టు విభాగం మానేస్తుంది. ఎల్లుండి లారీ వాళ్లు. అయినా మాస్టారూ, పరుపులు మంచివేనని మీ నోటితో మీరే అన్నారు కదా. ఇంకా పరీక్ష దేనికి? సంతకం పెట్టెయ్యండి."

"నిద్రపోకుండానా?"

జవాబు సలహాదారు దగ్గర సిద్ధంగా ఉంది. "మెలకువగా చేసిన నిద్ర పరీక్ష అని రాద్దాం. అధునాతన పద్ధతి. నిద్రపోతూ పరీక్షిస్తే మనిషికి ఏం తెలుస్తుంది చెప్పండి? స్పృహలోనే ఉండడు కదా!" కనురెప్ప టపటపలాడింది.

పద్నాలుగు కాగితాలు బల్ల మీద పరిచారు. కలం మూత తీసి అందించారు. మాస్టారు ఆ కలాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. ఇంటి అద్దె గుర్తొచ్చింది, ఈ వయసులో పడుకోవడం తప్ప మరో పని తెలియని తనను ఎవరు పిలుస్తారన్న భయమూ వచ్చింది. ఆ కాగితాలను నమ్మి పడుకోబోయే పద్నాలుగు నడుములు కూడా గుర్తొచ్చాయి. కలానికి మూత పెట్టేశారు.

"నిద్రపోయానని అబద్ధం చెప్పలేనండీ. ఈ ఒక్క పనీ చేతకాదు."

"అలాగే. మీకు పూర్తి విశ్రాంతి ఇస్తున్నాం" అన్నారు ఎండీగారు. పరుపుల కంపెనీలో ఉద్యోగం తీసెయ్యడాన్ని అలాగే అంటారు.

విశ్రాంతి పత్రం చేతికి రావడానికి మూడు రోజులు పట్టింది. సిబ్బంది వ్యవహారాల అధికారి ఎంత వేగంగా టైపు చేస్తున్నాడంటే, మొదటి ప్రతిలో మాస్టారిని చనిపోయినట్టు రాశాడు, రెండోదాంట్లో పదోన్నతి ఇచ్చాడు, మూడోదాంట్లో తనకే రాజీనామా రాసుకున్నాడు. నాలుగో ప్రతి కోసం ఎదురుచూస్తూ గురువారం పదకొండింటికి మాస్టారు గోడౌను వసారాలో గోడకు ఆనుకుని సిమెంటు గచ్చు మీద కూర్చున్నారు. డబ్బా ముట్టి నాలుగు రోజులైంది. గచ్చు చల్లగా ఉంది. ఆయన తల మెల్లగా ఒక పక్కకు ఒరిగింది, ఆ వెంట భుజం, ఆ వెంట మనిషి. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

గురక మొదట లారీ వాళ్లకు వినిపించింది. ఒకడు వచ్చి చూసి ఇంకొకణ్ణి పిలిచాడు. కుట్టు మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. పావుగంటలో వసారా నిండిపోయింది. మూడు వారాలుగా నిద్ర అనేది ఎలా ఉంటుందో వాళ్లలో ఎవరూ చూడలేదు. ఇంకా తాగని డబ్బాలు చేతుల్లో పట్టుకుని, ఎర్రబడ్డ కళ్లతో, చుట్టూ నిలబడి చప్పుడు చెయ్యకుండా చూశారు. అక్క పైట అంచుతో కళ్లొత్తుకుంది.

"ఎంత హాయిగా పడుకున్నాడో అన్నయ్య. ఎవరూ లేపకండే" అని గుసగుసలాడింది.

ఆ జనాన్ని చూసి ఎండీగారు మేడ దిగి వచ్చారు. తిడదామని తెరిచిన నోరు, నిద్రపోతున్న ఆ ముఖం చూశాక అలాగే ఉండిపోయింది. తన కంపెనీ పెట్టిన నాటినుంచి ఏ ప్రకటనలోనూ అలాంటి ముఖం దొరకలేదు. సలహాదారుకు సైగ చేశారు. అతను నాలుగు వైపులనుంచీ ఫోటోలు తీశాడు. నిద్రపోతున్న మనిషి అభ్యంతరం చెప్పలేదు గనక అంగీకరించినట్టే భావించారు.

పది రోజుల్లో ఆ ముఖం ఊరంతా పాకింది. సిమెంటు గచ్చును చెరిపేసి, దాని స్థానంలో ఆ పద్నాలుగు పరుపుల్లో ఒకదాన్ని అతికించారు. "ఇలా నిద్రపోండి!" అని పెద్ద అక్షరాలు. కింద చిన్న అక్షరాల్లో, ప్రతి పరుపుతో ఏడో డబ్బా ఒకటి ఉచితం.

"కేసు వేద్దాం" అంది భార్య.

"నేను పడుకున్నమాట నిజమేగా" అన్నారు మాస్టారు. అబద్ధమేమీ లేదన్నట్టు కాదు, అబద్ధం ఎక్కడుందో చూపించడానికి వేలు పెట్టే చోటు దొరక్క.

పరుపులు వేడి పకోడీల్లా అమ్ముడుపోయాయి. కొన్నవాళ్లు ఉచితంగా వచ్చిన డబ్బా తాగి, కొత్త పరుపు ఎక్కి, దారి తప్పిన కుట్ల మీద అటూ ఇటూ దొర్లి, ఇది మామూలు రకమేమో, పై రకం కొనాలేమో అనుకున్నారు. పై రకంతో రెండు డబ్బాలు ఉచితం.

మాస్టారి ఇల్లు ఎవరు కనిపెట్టారోగాని, జనం వెతుక్కుంటూ రావడం మొదలైంది. ఒకనాడు పొద్దున్నే ఒక లెక్కల టీచరు వచ్చాడు. కళ్ల కింద నల్లటి సంచులు, చేతిలో సగం తాగిన డబ్బా.

"మీరే కదండీ ఆ ఫోటోలో? రెండు పరుపులు మార్చాను. లాభం లేదు. మీరు పడుకున్నది అసలు ఏ రకం మీద? దయచేసి దాచకండి."

మాస్టారు దాచలేదు. అది వట్టి సిమెంటు గచ్చనీ, తాను చేసిందల్లా నాలుగు రోజులు ఆ డబ్బాలు మానెయ్యడమేననీ చెప్పి, టీచరు చేతిలోని డబ్బా వైపు చూపించారు.

టీచరు మోసపోయినవాడిలా లేచి, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు:

"మానెయ్యడానికైతే ఇంత దూరం రావడం ఎందుకండీ? కొనేది ఏదైనా ఉంటే చెప్తారని వచ్చాను."