కోపం కోసేసిన డాక్టరుగారు

లైసెన్సుల కార్యాలయంలో పనులు చకచకా సాగడానికి కారణం సూపరింటెండెంటుగారి కిడ్నీ మీద పెరిగిన చిన్న గడ్డ అని అందరికీ ఆలస్యంగా తెలిసింది.

పదకొండేళ్లుగా ఆయనకు ఉన్నట్టుండి చెమటలు పట్టేవి, చేతులు వణికేవి, గుండె దడదడలాడేది, బీపీ రెండొందలు దాటేది. అప్పుడాయన నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. దాన్ని లోకం కార్యదక్షత అనుకుంది. పై అధికారి రెండు ప్రశంసాపత్రాలు కూడా ఇచ్చాడు. భార్య మాత్రం ఒకసారి చూపించుకోమని పోరుపెట్టేది. నిజాయితీపరులకు కోపం సహజమని ఆయన ఆమె నోరు మూయించేవారు.

ఒకరోజు కడుపులో తిప్పుతోందంటే మందుల షాపాయన వాంతులు రాకుండా మాత్ర ఇచ్చాడు. గంట తిరక్కుండానే సూపరింటెండెంటుగారు ఫైళ్ల మీద కూలబడ్డారు. ఆస్పత్రిలో డాక్టరుగారు స్కానింగు తీయించి, కిడ్నీకి టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథిలో గడ్డ ఉందనీ, అది వేళాపాళా లేకుండా హార్మోను కక్కుతోందనీ, ఆ మాత్ర దాన్ని మరింత రెచ్చగొట్టిందనీ చెప్పారు. ముందు బీపీని దారికి తెచ్చి, తర్వాత గడ్డ తీసేశారు. పదకొండేళ్లకు ఆ ఇంట్లో రేడియో వినిపించింది.

నష్టపోయింది ప్రభుత్వమే. తిరిగి డ్యూటీలో చేరిన సూపరింటెండెంటుగారు "ఆ ఫైలు కాస్త ఇటివ్వండి బాబూ" అనసాగారు. గుమస్తాలు ఆ మాటను వాతావరణ వార్తల్లా విని వదిలేశారు. ఫైళ్లు గుట్టలయ్యాయి. జబ్బు నయమైనందువల్ల పనితీరు దెబ్బతిన్నదనీ, నెలలోగా పూర్వస్థితికి రాకపోతే హోదా తగ్గించి పాత రికార్డుల గదికి పంపుతామనీ పై అధికారి మెమో ఇచ్చాడు. రెండేళ్లలో రిటైరయ్యే మనిషి, బతికి బట్టకట్టినందుకు ఇదా శిక్ష అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

గడువు చివరి రోజున డాక్టరుగారు తన ఆస్పత్రి లైసెన్సు కోసం నాలుగోసారి వచ్చారు. కూర్చోండి, చూస్తారు అన్నారు సూపరింటెండెంటుగారు. ఎవరూ చూడలేదు. గంటన్నరకు డాక్టరుగారి ముఖం ఎర్రబడింది, చేతులు వణికాయి. బల్ల గుద్ది, గోడలు అదిరేలా గుమస్తాల ఏడు తరాలనూ తలిచారు. ఐదు నిమిషాల్లో లైసెన్సు చేతికొచ్చింది. వరుసలో నిలబడ్డ మిగతావాళ్లవీ వచ్చాయి.

లోపలి గదిలోంచి ఆ కేకలు విన్న పై అధికారి, సూపరింటెండెంటుగారి ఆరోగ్యం పూర్తిగా కుదుటపడినందున మెమో రద్దు చేస్తున్నట్లు అప్పటికప్పుడు రాసి పంపాడు.

సూపరింటెండెంటుగారు ఆ కాగితం రెండుసార్లు చదువుకుని, రొప్పుతున్న డాక్టరుగారికి మంచినీళ్ల గ్లాసు అందించారు.

"మీరు ముందు బీపీ చూపించుకోండి డాక్టరుగారూ. వీలైతే సోమవారం మళ్లీ ఒకసారి రండి."