భోజన్న నాలుగో లింకు

పంతొమ్మిది వందల ఎనభై మూడు వేసవిలో ఆ ఉదయం భోజన్న వేసుకున్న పథకం సులువైనదే. పదకొండింటికల్లా లారీకి నాలుగో లింకు బిగించాలి. పన్నెండింటికి అత్తగారి బలగాన్నంతా ఎక్కించుకుని, మరునాడు జరిగే మరదలు సుమంగళ పెళ్లికి కుండల్‌వాడి బయల్దేరాలి. అక్కడి మార్కెట్లో లారీని నలుగురి కళ్లబడేలా నిలపాలి.

నాందేడ్‌లో లేత్ పెట్టుకున్న ఆరేళ్లలో అతను చేసిన గొప్ప పని ఆ లారీయే. మిలిటరీ వేలంలో కొన్న పాత బండికి పట్టీల కమాను కట్టలు తీసేసి, చుట్ట స్ప్రింగులు పెట్టాడు. వెనక ఇరుసు అటూ ఇటూ జరగకుండా పట్టి ఉంచే నాలుగు కడ్డీలను, అంటే లింకులను, లేత్ మీద అల్యూమినియంతో తీశాడు. పుణె నుంచి తెప్పించిన గట్టి రకం దిమ్మెలో సరిగ్గా నాలుగే వచ్చాయి. మొదట తాత్కాలికంగా పెట్టిన ఇనుప లింకులను అప్పటికే కోసి బ్రాకెట్లు చేసేశాడు. కుండల్‌వాడి లారీల వాళ్లు ఒక్కసారి చూస్తే ఆర్డర్లు వచ్చి పడతాయని అతని ఆశ. ప్రాణమంతా దాని మీదే పెట్టుకున్నాడు.

మూడు బిగించాడు. నాలుగోది చేతిలో ఉండగా అత్తగారు మైసవ్వ వచ్చి, దాన్ని ఒంటిచేత్తో ఎత్తి చూసి పెదవి విరిచింది.

"గింత అల్కగున్నది. గిది గిన్నెలు చేసే సామానే గద అల్లుడా. నా అన్నం గిన్నె నిరుడు కింద పడి సొట్టపోయింది. దీని మీద గింతమంది పానాలా?"

వారం రోజులుగా గల్లీలో ప్రతివాడి నోటా ఇదే మాట విని భోజన్నకు విసుగెత్తిపోయింది. లింకును రెండు రాళ్ల మీద పెట్టి, పెరట్లో కనపడ్డ రోకలి తెచ్చి అత్తగారి చేతికిచ్చి, తోచినంత గట్టిగా కొట్టి చూడమన్నాడు. మైసవ్వ మొహమాటపడే మనిషి కాదు. మూడో దెబ్బకు రోకలి నిలువునా చీలింది. లింకు చెక్కుచెదరలేదు.

అతను మీసం మీద చెయ్యి వేసేలోపే భార్య ఇందుబాయి పరుగున వచ్చింది. అది పెళ్లి పసుపు దంచడానికి కడిగి ఆరబెట్టిన రోకలి. ఐదుగురు ముత్తయిదువలు అప్పటికే రోలు చుట్టూ కూర్చున్నారు. మంచి ఘడియ దాటిపోతోంది. పక్కింటి రోకలి తెస్తానని భోజన్న చెప్పులేసుకున్నాడు. ఎరువు తెచ్చిన రోకలితో పెళ్లి పసుపు దంచకూడదని మైసవ్వ ఆపింది. అప్పుడు ఆమె చూపు లింకు మీద పడింది. కొత్తది, ఎవరూ వాడనిది, పగలనిది.

"పది నిమిషాలు, గంతే," అంది.

లింకుకు పసుపు దారంతో కొమ్ము కట్టారు, పాడారు, దంచారు. భోజన్న పానా పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. దంచడం అయ్యాక చెయ్యి చాచాడు.

"కంకణం కట్టినంక వేరే పనికి పెడ్తరా? పదారు రోజుల పండుగ దాంక ముట్టద్దు," అంది మైసవ్వ.

"లారీ ఎట్ల కదుల్తది అత్తా?"

"మూడున్నయి గద."

మూడింటితో నడిపితే ఇరుసు పక్కకు గుంజుతుందనీ, అందరూ గోదావరిలో తేలతారనీ గొంతు పోయేలా చెప్పాడు. అయితే బస్సుకే పోదామంది ఆవిడ, ఎంతో శాంతంగా.

లారీ ఇంటి ముందే ఉండిపోయింది. భోజన్న కుండల్‌వాడి దాకా బస్సులో నిలబడే వెళ్లాడు. నాలుగో లింకుకు మాత్రం సీటు దొరికింది. పెళ్లి రోకలిని ఒంటరిగా వదిలి రాకూడదని మైసవ్వ దాన్ని కొత్త రవికెగుడ్డలో చుట్టి పక్కన పెట్టుకుంది.

విడిదింట్లో ఆడవాళ్లు దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుని ఎత్తి చూడసాగారు. ఇక అందరూ కలిసి పెదవి విరుస్తారని భోజన్న తల తిప్పుకున్నాడు. మైసవ్వ గొంతు వినపడింది.

"మా అల్లుడే చేసిండు. ఎంత అల్కగున్నదో చూడుండ్రి, నడుం నొయ్యదు. నా రోకలి పలిగింది గని దీనికేం కాలె."

పదహారో రోజు కంకణం విప్పి భోజన్న లింకు బిగించుకునేసరికి, కుండల్‌వాడి నుంచి ఏడు ఆర్డర్లు వచ్చి ఉన్నాయి. ఏడూ రోకళ్లకే.