తగు చర్య నిమిత్తం

ఆ సోమవారం ఉదయం కోడలు వేసుకున్న పథకంలో మూడే అంశాలు ఉన్నాయి. ఎనిమిదిన్నర బస్సు ఎక్కడం, ఆఫీసులో మేనేజరు చేత ఒక ఉత్తరం మీద సంతకం చేయించడం, దానిని వచ్చే సోమవారం వీసా కార్యాలయంలో సమర్పించడం. యూరప్‌లోని ఒక చిన్న దేశం, దూరం నుంచి ఉద్యోగం చేసుకోగలవారిని కుటుంబంతో సహా వచ్చి ఉండమంటోంది. అందుకు అది ముఖ్యంగా అడిగినది ఒక్కటే. దరఖాస్తుదారు పనిని ఎక్కడ కూర్చునైనా చేయవచ్చునని ఆమె పనిచేసే సంస్థ రాసి ఇవ్వాలి.

ఆమె పని నిజంగా అటువంటిదే. లిఫ్టులు మరమ్మతు చేసే కంపెనీలో ఆమె ఫిర్యాదులు తీసుకుంటుంది. ఊళ్ళో ఏ భవనంలో లిఫ్టు ఆగినా ఫోను ఆమెకు వస్తుంది. దగ్గరలో ఏ మెకానిక్ ఉన్నాడో లాప్‌టాప్‌లో చూసి పంపిస్తుంది. ఆ సంగతే నాలుగు వాక్యాలలో చిత్తు రాసి, భోజనాల బల్ల మీద పెట్టి, తల దువ్వుకోవడానికి వెళ్ళింది. పొరపాటు అక్కడే జరిగింది.

మామగారు పదవీ విరమణ చేసిన ఆఫీసు సూపరింటెండెంటు. వీసా దరఖాస్తులో కొడుకు, కోడలితో పాటు తన పేరు కూడా ఉన్నందున, ఆ దేశపు చలికి ముందుగానే అలవాటు పడదలచి నెల రోజులుగా ఇంట్లో ఉన్ని టోపీతోనే తిరుగుతున్నారు. ఆ చిత్తును ఆయన రెండు వేళ్ళతో ఎత్తి చూశారు.

"ఇది ఉత్తరమా, సరుకుల చీటీయా అమ్మాయ్?"

"వాళ్ళకి అది చాలు మామయ్యగారూ. నాకు బస్సు టైమవుతోంది."

"సంతకం పెట్టేది మీ మేనేజరు. ఆయన పరువైనా చూడాలి కదా."

ఆమె జడ పూర్తయ్యేలోగా ఆయన ఉత్తరాన్ని పునర్నిర్మించారు. అందులో కీలకమైన వాక్యం ఇది: "సదరు ఉద్యోగిని కార్యాలయమున ఉన్నను లేకున్నను పనికి ఎట్టి విఘాతమును కలుగదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." కోడలు బస్సులో దానిని చదువుకుని, కొంచెం బరువుగా ఉన్నా విషయం ఉన్నదే కదా అని సరిపెట్టుకున్నది. కాగితం తిప్పి చూడలేదు.

వెనుకవైపు, ముప్పై అయిదేళ్ళ అలవాటు చొప్పున, నకళ్ళ జాబితా ఉన్నది. ఒకటి, ప్రధాన కార్యాలయంలోని సిబ్బంది విభాగానికి, తగు చర్య నిమిత్తం. రెండు, భవన రక్షణ విభాగానికి, తగు చర్య నిమిత్తం. మూడు, ఫైలుకు. నకళ్ళు లేని ఉత్తరం చొక్కా లేకుండా వీధిలోకి వచ్చిన మనిషి వంటిదని మామగారి అభిప్రాయం.

ఆఫీసు టైపిస్టు తనకిచ్చిన కాగితంలో ఒక చుక్క కూడా మార్చని మనిషి. మేనేజరు ఫోను చెవికి ఆనించుకునే సంతకం చేస్తారు కనుక ఏం చదవాలన్న ప్రశ్న ఆయనకు ఎన్నడూ రాలేదు. అసలు ఉత్తరం కోడలి చేతికి, నకళ్ళు వాటి వాటి చోట్లకు చేరాయి.

బుధవారం ఉదయం గేటు దగ్గర ఆమె కార్డు ఆనిస్తే ఎర్రదీపం వెలిగింది. కాపలాదారు మర్యాదగా లేచి నిలబడి, గోడకు గుచ్చిన కాగితం చూపించాడు.

"మీరు ఉన్నా లేకపోయినా ఒకటేనంట మేడం. కార్డు తీసేయమన్నారు."

"అది వీసా కోసం రాయించిందయ్యా."

"కింద తగు చర్య అనుంది కదా మేడం. నేను చేయగలిగింది ఇదొక్కటే."

ఆమె మేనేజరుకు ఫోను చేసింది. సంతకం తనదే గనుక ఉత్తరం తప్పని తాను ఎలా అనగలనని ఆయన వాపోయారు. సిబ్బంది విభాగం ఆమె పోస్టును రద్దు చేసే ఆలోచనలో ఉన్నదన్న వార్త కూడా ఆయనే చెప్పారు. అంతలో ఒక ఆసుపత్రిలో లిఫ్టు ఆగిందని ఫోను వచ్చింది. ఆమె ఎదుటి టీ కొట్టులో బల్ల మీద లాప్‌టాప్ తెరిచి పని మొదలుపెట్టింది.

సాయంత్రం ఇంట్లో విషయం తెలిసి భర్త తల పట్టుకున్నాడు. మామగారు మాత్రం తన సర్వీసులో ఏ నకలు మీదా రెండు రోజుల్లో చర్య జరగలేదని, ఆ కంపెనీ చాలా సమర్థమైనదని మెచ్చుకున్నారు. తరువాత కోడలి ముఖం చూసి, సవరణ రాస్తానన్నారు. ఆమె వద్దని చేతులు జోడించింది. అందుచేత ఆయన ఆమెను శ్రమ పెట్టకుండా మర్నాడు టైపిస్టుకు ఫోనులోనే చెప్పి రాయించారు. "సదరు ఉద్యోగిని లేనిచో సంస్థ పని యావత్తు స్తంభించును." మేనేజరు ఫోనులో మాట్లాడుతూ సంతకం చేశారు. నకళ్ళు వెళ్ళాయి.

ఆ విధంగా కోడలికి రెండు ధ్రువపత్రాలు సమకూరాయి. మొదటిది నిలిస్తే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం లేనివారికి వీసా లేదు. రెండవది నిలిస్తే ఆమె ఊరు కదలడానికి వీల్లేదు. రెంటి మీదా ఒకే మేనేజరు సంతకం చూసిన ప్రధాన కార్యాలయం, ఏది నిజమో తేల్చడానికి శుక్రవారం ఒక తనిఖీ అధికారిని పంపింది.

ఆయన పదిన్నరకు వచ్చి లిఫ్టు ఎక్కారు. లిఫ్టుల కంపెనీ వారి సొంత లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది. ఆయన తలుపు బాదారు. పైన పదకొండు మంది ఉద్యోగులు తలుపులు మూసిన గదిలో నిలబడి, ఆయన రాగానే ఎవరు ఏం చెప్పాలో మేనేజరు దగ్గర నేర్చుకుంటున్నారు. చివరకు ఆయన లిఫ్టు గోడ మీద ఉన్న నంబరుకు ఫోను చేశారు.

కోడలు ఆయనను నేల మీద కూర్చోమన్నది. ఫ్యాను తిరుగుతోందా అని అడిగి, మెకానిక్ రెండు వీధుల అవతల ఉన్నాడని, పావుగంటలో వస్తాడని, అంతవరకు ఫోను పెట్టేయనని చెప్పింది. అధికారి కాస్త తేరుకున్నారు.

"అమ్మా, మీ వెనకాల గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది. ఎక్కడున్నారు?"

"ఎదురుగా టీ కొట్టులో ఉన్నానండి."

"ఆఫీసులో ఎందుకు లేరు?"

"నేను ఉన్నా లేకపోయినా ఒకటేనని రాసిచ్చారండి. రానివ్వట్లేదు."

అధికారి జేబులోంచి కలం తీశారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇది మూడో రోజండి. నలభై రెండు లిఫ్టులయ్యాయి. మీది నలభై మూడు."

మెకానిక్ పదమూడు నిమిషాలలో వచ్చాడు. అధికారి మూడో అంతస్తు చేరి గది తలుపు తోసేసరికి, పదకొండు మందీ ఒకే గొంతుతో నమస్కారం చెప్పారు. ఆయన వారి బల్లలనూ, మోగని ఫోన్లనూ చూసుకుని, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

శనివారం నివేదిక వచ్చింది. రెండు ధ్రువపత్రాలూ అక్షరాలా నిజమేనని అధికారి తేల్చారు. ఆమె లేనిదే పని జరగదు. ఆమె కార్యాలయంలో లేకపోయినా పని జరుగుతుంది. కావున అనవసరమైనది ఆమె పోస్టు కాదు, కార్యాలయం. నెలాఖరుకు భవనం ఖాళీ చేయాలి. అందరూ ఇళ్ళ నుంచి పనిచేయాలి. మేనేజరు పోస్టు విషయం తరువాత తెలియజేయబడుతుంది. కోడలు ఆ నివేదికనే వీసా దరఖాస్తుకు జతచేసింది. ఈసారి కాగితాన్ని రెండు వైపులా చదివింది.

ఆదివారం ఉదయం మేనేజరు వారి ఇంటికి వచ్చారు. మొదటిసారిగా ఆయన చేతిలో ఫోను లేదు. తన పనిని కూడా దూరం నుంచి చేయవచ్చునని ఒక మంచి ఉత్తరం రాసిపెట్టమని మామగారిని ప్రాధేయపడ్డారు. మామగారు టోపీ సర్దుకుని, కలం మూత తీసి, ఉత్తరంలో వర్ణించడానికి గాను ఆయన చేసే పని ఏమిటో చెప్పమన్నారు.

మేనేజరు ఆలోచించారు. ముందున్న కాఫీ చల్లారిపోయింది. ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.

మామగారు అతిథిని ఇబ్బంది పెట్టదలచలేదు. కాగితం తిప్పి, ముందుగా నకళ్ళ జాబితా రాయడం మొదలుపెట్టారు.