గేటు ముందు టోపీలు

ఆ సోమవారం కిషన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మిషన్ స్కూలు గేటు ముందు వరుస కోసం తన బాయి టోపీ పెట్టాలి, చాయ తాగి రావాలి, తొమ్మిదింటికి ఫారం తీసుకోవాలి. బొగ్గు బాయిలో ఆ వారం అతనిది రెండో షిఫ్టు, కావలసినంత పొద్దుంది.

ఒక్కగానొక్క కూతురు హర్షిణి ఒకటో తరగతిలో చేరాలి. తాను పది గట్టెక్కలేదు కాబట్టి, బిడ్డ చదువు దగ్గర ఎవరైనా మోసం చేస్తారేమోనని అతనికి నిజంగానే భయం. ముఖ్యంగా పక్క క్వార్టర్ శాంతిరాజ్ మీద అనుమానం. బాయి ఆఫీసులో క్లర్కు అయిన ఆ పెద్దమనిషి, హర్షిణిని సర్కారు బడిలో వెయ్యమని వారం రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు.

"తన బిడ్డను మిషన్ స్కూల్ల చదివిచ్చుకున్నడు, మనకు సర్కారు బడి చూపెడ్తుండు. ఆయన మనుమరాలి సీటుకు మనం అడ్డం రావద్దనే గదా," అన్నాడు కిషన్.

"శాంతిరాజ్ కాక మంచికే చెప్తుండు. నువ్వు ఎవలను నమ్మినవ్ గనుక," అంది భార్య సంతోషి.

"మంచికి చెప్పేటోళ్లనే కనిపెట్టాలె," అని టోపీ తీసుకుని బయలుదేరాడు.

టోపీ గేటు ముందు పెట్టి చాయ హోటల్లో కూర్చున్నాడు. రాత్రి షిఫ్టు దిగి వస్తున్నవాళ్లు దాన్ని చూశారు. ఆ బొగ్గు గనుల ఊళ్లో ఏ గేటు ముందైనా టోపీ నేల మీద కనిపిస్తే ధర్నా కిందే లెక్క. ఒకరు తన టోపీ పెట్టి కూర్చున్నారు, చూసి పదిమంది కూర్చున్నారు. యూనియన్ సదయ్య కూడా వచ్చి కూర్చుని, "డిమాండ్ ఏందే?" అని పక్కవాణ్ణి అడిగాడు.

"లీడర్‌వు నువ్వే చెప్పాలె," అన్నాడు పక్కవాడు.

నలభై టోపీలు చూసేసరికి లోపలి సిస్టర్లు గేటుకు తాళం వేసి, పరిస్థితి చక్కబడేదాకా ఫారాలు ఇవ్వబోమని కాగితం అంటించారు. చాయ తాగి వచ్చిన కిషన్ ఆ కాగితం చదివాడు. ఇది శాంతిరాజ్ పనే అనుకున్నాడు. అంతలోనే శాంతిరాజ్ మనవరాలిని స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని ఎదురుగా పోయాడు. కిషన్ బండి తీసి వెంటపడ్డాడు. స్కూటర్ సర్కారు బడి ముందు ఆగింది, మనవరాలు పలకతో లోపలికి నడిచింది.

అంటే అసలు సరుకు ఇక్కడ దాచారన్నమాట. కిషన్ నేరుగా హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లి సీటు అడిగాడు.

"ఒకటో తరగతి నిండింది. ఆఖరి సీటు గిప్పుడే ఇచ్చిన," అన్నాడు హెడ్మాస్టర్.

"ఎవలు చెప్తే ఇచ్చిన్రు సార్?"

"శాంతిరాజ్ సార్ ఫోన్ చేసిండు. తెలిసినోళ్లట."

కిషన్ ఒళ్లు మండిపోయింది. తెల్లకాగితం అడిగి తీసుకుని, సిఫారసు మీద ఇచ్చిన ఆ సీటు వెంటనే రద్దు చేయాలని రాసి సంతకం పెట్టాడు. హెడ్మాస్టర్ ఆ సంతకాన్ని రెండుసార్లు చదివి, రిజిస్టర్ అతని వైపు తిప్పాడు. ఆఖరి పేరు హర్షిణి. తండ్రి కిషన్. పక్కన సంతోషి సంతకం.

"పాప క్లాసుల కూసున్నది. తీసెయ్యమంటవా?"

కిషన్ కాగితం గుంజుకుని జేబులో కుక్కుకున్నాడు. కిటికీలోంచి చూస్తే హర్షిణి మొదటి వరుసలో కూర్చుని పక్క పిల్లతో కబుర్లు చెబుతోంది. అతనికి ప్రాణం లేచి వచ్చింది, కళ్లు కూడా చెమ్మగిల్లాయి. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"అవునుగని సార్, మా ఆమె అడుగంగనే సీటు గింత అల్కగ ఎట్ల ఇచ్చిన్రు? బడిల ఏమన్న లోపమున్నదా?"

హెడ్మాస్టర్ ఈసారి తెల్లకాగితం ఇవ్వలేదు.