నడిసముద్రంలో ప్లగ్గు పాయింటు

"కరెంటు తీగల్లో ఉండదు, నాయకుడి చిత్తశుద్ధిలో ఉంటుంది" అని పుంగనూరు ప్రాంత రైతు విద్యుత్ సలహా మండలి చైర్మన్ శ్రీ చెంగల్రాయుడు గారు ప్రకటించిన రోజున పుంగనూరులో కరెంటు లేదు. మైకు పలకలేదు. అందుచేత ఆయన నాలుగు దిక్కులకూ తిరిగి అదే మాట నాలుగుసార్లు చెప్పారు. విలేకరిని కాబట్టి నేను నాలుగుసార్లూ రాసుకున్నాను.

విదేశీ అధ్యయన యాత్ర సంగతి కూడా ఆ సభలోనే బయటపెట్టారు. 2005 ఏప్రిల్ మాసం అది. సింగపూరులో బయల్దేరే విహార నౌకలో ఐదు రోజుల ప్రయాణం. రెండు వేల మంది ఉండే ఓడకు కరెంటు ఎట్లా అందుతోందో కనిపెట్టి, ఆ కిటుకును చౌడేపల్లె బోర్లకు అమలు చేయడం యాత్ర ఉద్దేశం. "సముద్రంలో ఒక్క స్తంభం లేదు. అయినా కరెంటుంది. ఇన్నేళ్ళలో ఏ ప్రభుత్వమైనా దీన్ని పట్టించుకుందా?" అని ఆయన నిలదీశారు.

ఆయన విమానం ఎక్కిన రోజే చౌడేపల్లె దగ్గర గంగులప్ప పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. గంగులప్పది రెండెకరాల టమోటా. కాయ దోరకు తిరిగింది. ఆ ఎండలకు నీళ్ళు లేకుండా వారం నిలవడం కష్టం. కాలినదాన్ని ట్రాక్టరులో వేసుకొని పుంగనూరులోని విద్యుత్ శాఖ రిపేరు షెడ్డుకు వచ్చాడు. అదృష్టం కొద్దీ బాగుచేసిన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి అక్కడ సిద్ధంగా ఉంది.

"ఉండాది కదా సార్, ఎత్తుకొని పోతా" అన్నాడు గంగులప్ప.

"ఉండేది నాకూ కనబడతాండాది లేప్పా. చైర్మన్ సారు ఫోన్ రావల్ల గదా" అన్నాడు ఏ.ఇ. సుబ్రమణ్యం.

ఇది మా వైపు పద్ధతి. ట్రాన్స్‌ఫార్మర్ ఎవరికివ్వాలన్నా చైర్మన్ గారు ఫోన్ చెయ్యాలి. అది ఆయన సొంత సెల్లు నుంచే రావాలి. ఏ.ఇ. గారి సెల్లు మీద ఆయన పేరు పడాలి. రేపు ఎవరైనా "ఎవరిమ్మన్నారు?" అంటే చూపించడానికి అదొక్కటే రుజువు.

సుబ్రమణ్యమే చొరవ తీసుకొని ఫోన్ చేశాడు. స్విచాఫ్. సాయంత్రం స్విచాఫ్. మరునాడూ స్విచాఫ్.

మూడో రోజు పొద్దున నేను సుబ్రమణ్యం ఆఫీసులో టీ తాగుతుండగా, నా సెల్లుకు గజం పొడుగు నంబరొకటి వచ్చింది. చైర్మన్ గారి వెంట వెళ్ళిన పి.ఏ. మునికుమార్, ఓడలోని శాటిలైట్ ఫోన్ నుంచి మాట్లాడుతున్నాడు.

"అన్నా, పేపర్లో మాత్రం వెయ్యొద్దు. సారువి రెండు సెల్లులూ సచ్చిపోయినాయి."

"యాలప్పా, ఛార్జరు మర్సిపోతిరా?"

"ఛార్జరుండాది. గోడలో బొక్కలే వేరే మాదిరిగా ఉండాయి. మన పిన్ను గుండ్రం, వీళ్ళ బొక్క బద్ద. అదీ రూమంతటికీ ఒకటే. ఇంటికాడ్నించి తెచ్చిన జంక్షన్ బాక్సును ఓడ ఎక్కేటప్పుడే పెరుక్కున్నారు. నిప్పంటుకుంటాదంట."

"లైటన్నా ఉండాదా?"

"అదింకో కత. తలుపు కాడ గోడలో కార్డు దూరిస్తేనే లైటు. ఆ సంగతి తెలీక మొదటి దినమంతా చీకట్లోనే కూసున్నాం. సారుకేం కష్టం అనిపించలేదు. 'ఇంటికాడ మాదిరే ఉండాదిరా' అన్నాడు."

అంతలో చైర్మన్ గారే లైన్లోకి వచ్చారని తెలిసి సుబ్రమణ్యం నా చేతిలోని సెల్లు అందుకుని లేచి నిలబడ్డాడు. విషయం విన్నవించాడు.

"అంతే కదప్పా, ఇచ్చేయ్" అన్నారు చైర్మన్ గారు.

"గొంతు మీదే సార్. నంబరు మీది కాదు" అన్నాడు సుబ్రమణ్యం వినయంగా.

తన కింద ఇంత నిబద్ధత గల అధికారి ఉన్నందుకు చైర్మన్ గారు చలించిపోయినట్టున్నారు. "నిజమే. ఈ నంబరుతో ఇస్తే రేపు ఓడోడొచ్చి నేనే ఇప్పిస్తినంటాడు. ముందు నా సెల్లు సంగతి సూడండి" అన్నారు.

వెంటనే అత్యవసర సమావేశం జరిగింది. అజెండా ఒకటే: చైర్మన్ గారి సెల్లుకు విద్యుత్ సరఫరా పునరుద్ధరణ. మదనపల్లె నుంచి ఇద్దరు పెద్ద ఇంజనీర్లు వచ్చారు. డిపార్ట్‌మెంటు జీపు మదనపల్లె బజారంతా గాలించి బద్ద పిన్నులు డజను తెచ్చింది. వాటిని సముద్రంలోకి పంపేదెట్లా అన్న విషయం రెండో సమావేశానికి వాయిదా పడింది.

గంగులప్ప గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాడు. "సెట్లు వాడిపోతాండాయి సార్."

"నీ సెట్ల కోసమే గదప్పా ఇంతమందిమీ ఈడ కొట్టుకులాడతాండేది!" అన్నాడు సుబ్రమణ్యం.

అప్పుడు లైన్‌మన్ నల్లప్ప గోడకు ఆనుకునే అన్నాడు. "పిన్ను యాల సార్? వైరు కోసి, కొనలు గీకి, బొక్కల్లో దూర్చి రెండు అగ్గిపుల్లలు బిగించమనండి. మా ఊర్లో టీవీలన్నీ అట్లనే పలకతాండాయి."

ఇంజనీర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ అట్లాగే పలుకుతున్నాయి. ప్రతిపాదన ఏకగ్రీవంగా నెగ్గింది. సాయంత్రం మునికుమార్ మళ్ళీ ఫోన్ చేసినప్పుడు ఆ సాంకేతిక పరిజ్ఞానాన్ని అతనికి బదిలీ చేశాం.

నాలుగో రోజు పొద్దున్నే మునికుమార్ ఫోన్.

"టప్పుమనింది అన్నా. మా రూమొకటే కాదు, వరసలో ఇరవై రూములు ఆరిపోయినాయి."

"అయ్యో! అరెస్టు చేసినారా?"

"అరెస్టా? నాలుగు నిమిషాల్లో ఒకాయనొచ్చినాడు. అగ్గిపుల్లలు పెరికినాడు, యాడో స్విచ్చి ఎగదోసినాడు, లైట్లన్నీ వచ్చేసినాయి. పోతా పోతా ఒక బద్దపిన్ను సారు చేతిలో పెట్టి, కౌంటర్లో అడిగితే ఎవురికైనా ఇస్తామనె."

"మంచిదే గదప్పా!"

"యాడ మంచిది? సారు రాత్రి అన్నం తినలా. 'అంత బిరీన వచ్చినాడే, వానికి ఎవురు ఫోన్ చేసిండారు?' అని ఒకటే అడగతాండాడు. కెప్టెన్‌ను పిలిపించి అడిగితే, ఎవురూ చెయ్యలేదు, అది వాని పని అన్నాడంట. అప్పట్నించి గోడకల్లా సూస్తా కూసోనుండాడు."

"సెల్లు?"

"ఫుల్లు ఛార్జింగు. టవరే లేదు. సముద్రం గదా."

ఐదో రోజు సుబ్రమణ్యమూ ఇంజనీర్లూ మదనపల్లెలో రెండో సమావేశానికి వెళ్ళారు. పిన్నుల అవసరం తీరిపోయినా వాయిదా వేసిన అంశాన్ని ముగించాలి కదా. షెడ్డులో నల్లప్ప ఒక్కడే ఉన్నాడు. గంగులప్ప ట్రాక్టరు బయటే ఉంది. ఇద్దరూ కలిసి ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రాక్టరులోకి ఎత్తారు. నేను కూడా ఒక చెయ్యి వేశాను. ఇది నేను పేపర్లో రాయలేదు.

మధ్యాహ్నానికి నీళ్ళు పారాయి. గంగులప్ప భార్య రెడ్డెమ్మ చీర ఎగదోపుకొని కాలవలో నిలబడి మడవలు తిప్పుతోంది. "తలలెత్తుతాండాయి సూడన్నా" అని నాకు చెట్లను చూపించింది.

"ఎవురిమ్మన్నారని అడిగితే ఏం జెప్తావు నల్లప్పా?" అన్నాను.

"టమోటా ఇమ్మనిందని జెప్తా" అన్నాడు స్తంభం దిగుతూ.

రెండు రోజుల తర్వాత చైర్మన్ గారు చెన్నై నుంచి రైల్లో కుప్పంలో దిగారు. స్వాగతానికి పదహారు జీపులు కదిలాయి. ప్లాట్‌ఫారం మీదే తన అధ్యయన ఫలితాలను ప్రకటించారు.

"ఓడలో కరెంటు పోతే నాలుగు నిమిషాల్లో వచ్చింది. కాదనను. అయితే ఎవరి దయ వల్ల వచ్చిందో రెండు వేల మందిలో ఒక్కరికీ తెలియదు! ఎవరికి దండ వెయ్యాలో తెలియదు! అది అభివృద్ధా? మన రైతుకు అటువంటి దిక్కులేని గతి పట్టనివ్వనని ఈ కుప్పం గడ్డ మీద మాటిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యలో సుబ్రమణ్యం ఆయన చెవి దగ్గరికి వంగి గంగులప్ప ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చెప్పాడు.

చైర్మన్ గారి ముఖంలో రంగు మారింది. "నీళ్ళు పారతాండాయా?"

"పారతాండాయి సార్."

"ఎవురు ఫోన్ చేసినారు?"

"ఎవురూ చెయ్యలేదు సార్."

ఆయన దండలు తీసి మునికుమార్ చేతికిచ్చారు.

మర్నాడు పొద్దున్నే ట్రాన్స్‌ఫార్మర్‌ను దించి, వచ్చిన ట్రాక్టరులోనే షెడ్డుకు తెచ్చి, ఉన్న చోటనే పెట్టారు. నల్లప్పకు పెద్దతిప్పసముద్రం బదిలీ అయింది. ఫోన్ చేయడానికి మంచి రోజు చూస్తే, చైర్మన్ గారి నక్షత్రానికి ఎనిమిది రోజులకు గానీ కుదరలేదు. గంగులప్ప రోజూ వచ్చి షెడ్డు గడప మీద కూర్చునేవాడు. అతని ఓపికను మెచ్చుకొని సుబ్రమణ్యం రెండుసార్లు టీ ఇప్పించాడు.

ఆ రోజు రానే వచ్చింది. షెడ్డు ముందు షామియానా వేశారు. చైర్మన్ గారు సెల్లు తీసి, నాలుగడుగుల దూరంలో నిలబడిన సుబ్రమణ్యానికి ఫోన్ చేశారు. సుబ్రమణ్యం తన సెల్లును పైకెత్తి, తెర మీద పడిన పేరును జనానికి మూడు వైపులా చూపించి, అప్పుడు ఎత్తాడు.

"ఇచ్చేయ్‌ప్పా."

"ఎస్సార్!"

మేళాలతో ట్రాన్స్‌ఫార్మర్ ఊరేగింది. సాయంత్రం నాలుగు గంటలకు చైర్మన్ గారి చేతుల మీదుగా మోటారు తిరిగింది. గొట్టంలోంచి నీళ్ళు దూకాయి. ఆయన గంగులప్ప భుజం మీద చెయ్యివేసి అందరికీ వినబడేట్టు అడిగారు.

"సెప్పప్పా, నేను ఫోన్ చేసినాక ఎట్లుండాది?"

"నీళ్ళు బాగా వస్తాండాయి సార్."

"సేను?"

"సేను మొన్ననే పాయె సార్."

మునికుమార్ చప్పట్లు మొదలుపెట్టాడు. అందరూ అందుకున్నారు.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. వెనక ఎండిన సాళ్ళు పడుతున్నాయని డెస్కు వాళ్ళు దాన్ని భుజాల దాకా కత్తిరించారు. చైర్మన్ గారు నవ్వుతున్నారు. గంగులప్ప తుండుగుడ్డతో కళ్ళొత్తుకుంటున్నాడు. కింద 'ఆనందబాష్పాలు' అని రాసి పంపింది నేనే.