ఊడదీసిన కన్వర్టర్

శనివారానికి డ్రాయింగు మాస్టారి పథకం చాలా చిన్నది. పదకొండింటికి పాత జీపును పొగ పరీక్షకు తీసుకెళ్లడం, పాస్ చేయించుకుని భోజనం వేళకు ఇంటికి రావడం. ఫెయిలయితే జీపు తుక్కులోకేనని భార్య తెగేసి చెప్పింది. పెళ్లయిన కొత్తలో కొన్న బండి అది. కూతురిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నది అందులోనే. దాన్ని వదులుకోవడానికి మాస్టారికి మనసొప్పదు.

ఏడింటికల్లా బావమరిది దిగాడు. అతను చేసేది గ్రంథాలయంలో ఉద్యోగం, చూసేది మరమ్మతుల వీడియోలు.

"కొండెక్కేటప్పుడు రొప్పుతోందన్నావు కదా బావా! అదంతా కన్వర్టర్ పనే. పొగ శుభ్రం చేస్తానంటూ బండి పీక నొక్కేస్తోంది. పీకి పారేద్దాం. అరగంట పని."

"పొగ శుభ్రం చేసేదాన్ని పీకేసి పొగ పరీక్షకి వెళ్తామా?"

"ఊపిరాడితే అసలు పొగే రాదు బావా!"

ఈ తర్కం మాస్టారి బుర్రకెక్కలేదు. కాని భార్య తమ్ముడాయె, మొహమాటం అడ్డొచ్చింది. బావమరిది ఫోను గుండెల మీద పెట్టుకుని జీపు కిందికి దూరాడు. తుప్పుపట్టిన బోల్టులు రంపానికి గాని లొంగలేదు. రెండు గంటల తర్వాత మసి మొహంతో, చంకలో ఒక ఇనప డబ్బాతో పైకొచ్చాడు.

తాళం తిప్పగానే జీపు గర్జించింది. గోడ కూలిందనుకుని పక్కింటాయన సబ్బు నురగతోనే వీధిలోకి పరుగెత్తుకొచ్చాడు.

"విన్నావా బావా, ఊపిరొచ్చింది!"

అంతలో భార్య పరీక్షకు రమ్మన్న కాగితం పట్టుకుని వచ్చింది. "ఏమండీ, చివర చిన్న అక్షరాల్లో ఏముందో చూశారా? కన్వర్టర్ తీసేసిన బండికి అక్కడికక్కడే అనుమతి రద్దు చేస్తారట!"

మాస్టారి పైప్రాణాలు పైనే పోయాయి. తిరిగి బిగిద్దామంటే బోల్టులు ముక్కలై ఉన్నాయి. పదకొండు దాటితే పిలిచిన వేళ కూడా పోతుంది. డబ్బాను దుప్పట్లో చుట్టి వెనక సీట్లో పడుకోబెట్టి బయల్దేరారు. చప్పుడు తగ్గుతుందని బావమరిది గొట్టంలో తడి గోనె కుక్కాడు. దాంతో నాలుగు రోడ్ల కూడలిలో ఇంజనే ఆగిపోయింది. మళ్లీ తాళం తిప్పగానే గోనె ఎగిరొచ్చి ట్రాఫిక్ పోలీసు బూట్ల మీద పడింది.

"ముందు దీన్ని ఇక్కణ్ణుంచి తీసుకుపోండి బాబూ!" అంటూ ఆయనే చెవులు మూసుకుని దారిచ్చాడు.

పరీక్ష కేంద్రంలో అధికారిణి జీపును చూడకముందే విన్నది. "ఏమిటండీ ఈ గోల?"

"జలుబండీ," అన్నారు మాస్టారు, తనేమంటున్నారో తనకే తెలియకుండా.

ఆమె పొగ గొట్టానికి యంత్రం తగిలించి, అంకెలు రాసుకుని, టార్చి పట్టుకుని జీపు కిందున్న గోతిలోకి దిగింది. ఇక దాచడం మాస్టారి వల్ల కాలేదు.

"అమ్మా, నిజం చెప్పేస్తాను. కన్వర్టర్ పీకేశాం. వెనక దుప్పట్లో ఉంది. శిక్షేదో నాకు వెయ్యండి, జీపుని మాత్రం వదిలెయ్యండి!"

ఆమె పైకొచ్చి దుప్పటి విప్పింది. ఆ డబ్బాను చూసింది, ఆ ఇద్దరినీ చూసింది.

"ఇది సైలెన్సరండీ. కన్వర్టర్ ముందువైపు ఉంది, దానిమీద ఎవరి చెయ్యీ పడలేదు. పొగ శుభ్రంగా ఉంది, పాస్. సాయంత్రంలోగా దీన్ని బిగించి చూపించండి. ఆ రొప్పు పోవాలంటే గాలి ఫిల్టరు మార్చండి చాలు."

"వీడియోలో ముందున్నది తియ్యమన్నాడు," బావమరిది గొణిగాడు. "నేను తల బండి వెనకవైపు పెట్టి పడుకున్నాను కదా... తారుమారైనట్టుంది."

మాస్టారు అక్కడున్న బల్ల మీద చతికిలబడ్డారు. నవ్వొస్తోంది, కళ్లలో నీళ్లూ వస్తున్నాయి. జీపు తనదే, ఇంటికే వస్తుంది.

పని రాకపోవడం ఎంత గొప్ప విద్యో ఆయనకు ఆ రోజే తెలిసింది.